తోడేలు సినిమాలో మా అత్తగారి ఏడుపు

మా మరిది తీసిన సినిమా బాగుందని నేనెప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. పౌర్ణమి వచ్చినప్పుడల్లా తోడేలుగా మారిపోయే ఒక కుర్రాడి కథ అది. దివిసీమలో నక్కలున్నాయి, చేలల్లో పడే అడవిపందులున్నాయి, తోడేలును చూసినవాళ్ళు మాత్రం నాకు తెలిసి ఎవరూ లేరు. "మన వైపు తోడేలేంటయ్యా?" అని అడిగితే, "అదే వదినా కొత్తదనం" అన్నాడు.

అవనిగడ్డలో అతనికి ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళకీ ఓణీల ఫంక్షన్లకీ వీడియోలు తీస్తాడు. డ్రోన్ కొన్న దగ్గర్నుంచి సినిమా పిచ్చి పట్టుకుంది. అంతా తక్కువలో తేలిపోవాలి కాబట్టి తోడేలు వేషం అతని స్నేహితుడే వేశాడు. ఆ కుర్రాడు పెళ్ళిళ్ళకి డీజే పెట్టెలు అద్దెకిస్తాడు. పాత కంబళి ముక్కలకి కొబ్బరి పీచు అతికించి చొక్కా కుట్టారు. ఎండకి జిగురు కరిగి ఆ పీచు ఊడి అన్నంలో పడేది. రాత్రి సీన్లకి లైట్లు లేక పట్టపగలే తీసి, తర్వాత కంప్యూటర్లో నీలం రంగు పులిమి, ఆకాశంలో ఒక చందమామను అతికించాడు. ఆ చందమామ కింద నీడలన్నీ మిట్టమధ్యాహ్నపు నీడలే. చూసి నేను పడీపడీ నవ్వాను. మా ఆయన నవ్వారు. తీసినవాడూ నవ్వాడు.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, టీవీలో ఆ సినిమాను ఎక్కిరించినందుకు నాకు కోపం వచ్చిందని మా చుట్టాల్లో చాలామంది అనుకుంటున్నారు. కాదు. ఆ తోడేలును ఎంత ఎక్కిరించినా నాకు అభ్యంతరం లేదు.

షూటింగు నాగాయలంక దగ్గర, కృష్ణ కరకట్ట మీద జరిగింది. నేను మచిలీపట్నంలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. అవి వేసవి సెలవులు. మా అత్తగారు మా దగ్గరే ఉంటారు. చిన్నకొడుకు సినిమా తీస్తున్నాడనేసరికి ఊరుకోలేక, "ఆ పిల్లలు ఏం తింటున్నారో ఏమో" అంటూ వంట చేసిపెట్టడానికి బయల్దేరారు. ఆవిడకి తోడుగా మేమిద్దరం వెళ్ళాం.

ఆఖరి సీనులో ఊరివాళ్ళు తోడేలును కాల్చి చంపుతారు. తల్లి వచ్చి శవం పక్కన కూర్చుని ఏడవాలి. ఆ వేషానికి మాట్లాడుకున్న నాటకాలావిడ గుడివాడ నుంచి రావాల్సింది, జ్వరం వచ్చి రాలేదు. మా మరిది కాసేపు తల పట్టుకుని, తర్వాత పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని ఉన్న వాళ్ళమ్మ వైపు చూశాడు.

"అమ్మా, నువ్వే చెయ్యవే."

"నాకేం వచ్చురా? నేనెప్పుడైనా స్టేజీ ఎక్కానా?"

"ఏం రానక్కర్లేదు. 'అయ్యో కొడకా, నిన్ను తోడేల్ని చేసిందెవర్రా' అని ఏడిస్తే చాలు."

ఆవిడ చెయ్యి కడుక్కుని, కొంగు దోపుకుని వెళ్ళారు. వానలో చచ్చినట్టు కనిపించాలని ఆ డీజే కుర్రాడి మీద బిందెలతో నీళ్ళు పోశారు. అతను బురదలో వెల్లకిలా పడుకున్నాడు. మా అత్తగారు పక్కన కూర్చుని అతని ముఖంలోకి చూశారు. "అమ్మా, డైలాగ్" అని మా మరిది అందించాడు. ఆవిడకి వినపడినట్టు లేదు. ఆ కుర్రాడి చెయ్యి పట్టుకుని కుదుపుతూ, ఒక పేరు పెట్టి పిలిచారు. కథలో కుర్రాడి పేరు అది కాదు. డీజే కుర్రాడి పేరూ కాదు.

"లేరా. తడి బట్టల్తో పడుకుంటే జలుబు చేస్తుందిరా. లే నాయనా, ఇంటికెళ్దాం. అమ్మ నన్ను తిడుతుందిరా. లేరా, జలుబు చేస్తుంది" అని ఏడ్చారు.

అది నటన కాదని అక్కడున్న అందరికీ తెలిసిపోయింది. కెమెరా పట్టుకున్నవాడు ఆపడం మరిచిపోయాడు. చచ్చి పడుండాల్సిన డీజే కుర్రాడి కళ్ళ చివర్లనుంచి నీళ్ళు కారాయి. సినిమాలో కూడా అది కనిపిస్తుంది.

తిరిగి వస్తుంటే కారులో, మోపిదేవి దాటాక, మా ఆయన అడిగారు.

"అమ్మా, ఆ పేరెవరిది?"

"మా తమ్ముడిది."

కారు నడుపుతున్న మా మరిది వెనక్కి తిరిగి చూశాడు. వాళ్ళమ్మకి తమ్ముడు ఉండేవాడని అన్నదమ్ములిద్దరికీ అప్పటిదాకా తెలియదు. డెబ్బై ఏడు నాటి ఉప్పెనలో ఆవిడ వైపువాళ్ళు పోయారని తెలుసు. దివిసీమలో ఆ మాట చెప్పని ఇల్లు తక్కువ. కానీ 'పోయారు' అన్న ఒక్క మాటతో ఆవిడ ఎప్పుడూ ఆపేసేవారు. ఎవరెవరు, ఎలా అన్నది ఎవరూ గుచ్చి అడగలేదు.

ఆ రోజు కారులో చెప్పారు. నీళ్ళు వచ్చేనాటికి ఆవిడకి ఇంకా పెళ్ళి కాలేదు. తమ్ముడు బళ్ళో కూడా వెయ్యని పసివాడు. వాళ్ళమ్మకి ఒంట్లో బాగుండేది కాదు కాబట్టి వాణ్ణి ఎత్తుకుని తిప్పిందీ, స్నానం పోసిందీ అన్నీ ఈవిడే. ఇంటి కప్పు మీదికి ఎక్కారు. "చెయ్యి పట్టుకునే ఉన్నాను. ఎప్పుడు జారిందో తెలీదు" అన్నారు. నీళ్ళు తీశాక వాడు పొలంలో గట్టు పక్కన కనిపించాడు. నిద్రపోతున్నట్టే ఉన్నాడట. ఈవిడ లేపారట. ఆ రోజు ఏ మాటలంటూ లేపారో, కరకట్ట మీద అవే మాటలు వచ్చాయి.

"మరి ఆ పేరు మీ అబ్బాయిల్లో ఎవరికైనా పెట్టుకోలేదేం అత్తయ్యా?" అని అడిగాను.

"పెడితే రోజూ పిలవాలి కదమ్మా" అన్నారు.

మా మరిది కారు పక్కకి ఆపాడు. "ఆ సీను తీసేస్తానమ్మా. నాటకాలావిడ రాగానే మళ్ళీ తీద్దాం."

"ఉంచు. వాడి ఫోటో లేదు. వాడి పేరు ఏ కాయితం మీదా లేదు. మీ సినిమాలో ఉంటే ఉండనీ."

ఆ పేరు నేనిక్కడ రాయను. ఇప్పటికే చాలామంది నోళ్ళలో నలిగింది.

సినిమా అవనిగడ్డలో ఒక హాల్లో కొద్దిరోజులు ఆడి, ఆ తర్వాత యూట్యూబులోకి వెళ్ళింది. పెద్దగా ఎవరూ చూడలేదు. మేమూ మా పనుల్లో పడిపోయాం. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలు చేస్తుండగా మా మరిది ఫోను చేశాడు. "వదినా, టీవీ పెట్టండి. మన సినిమా మీద స్కిట్ వేస్తున్నారు" అంటూ ఆనందంగా ఛానలు పేరు చెప్పాడు. అది అందరూ చూసే కామెడీ షోనే. మేమూ వారం వారం చూసేవాళ్ళమే.

మొదట తోడేలు వచ్చింది. కాళ్ళు తుడుచుకునే పీచు పట్టాలు ఒంటి చుట్టూ కట్టుకున్నాడు. చందమామ బదులు పైనుంచి పెద్ద అప్పడం వేలాడదీశారు. తోడేలు తన నీడ చూసుకుని, "పౌర్ణమి అన్నారు, భోజనాల వేళయింది కదండీ" అన్నాడు. మా అత్తగారికి నవ్వు ఆగక పొలమారింది. నేను మంచినీళ్ళందించాను. అక్కడిదాకా అది మంచి స్కిట్టే.

తర్వాత చీర కట్టుకున్న మగమనిషి వచ్చాడు. చిన్న ముడి, మోచేతులదాకా జాకెట్టు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. మా అత్తగారిని చూసి చూసి దించాడు. తోడేలు పక్కన చతికిలబడి ఆ పేరు పెట్టి పిలిచాడు. "లేరా, జలుబు చేస్తుందిరా" అని రాగం తీశాడు. హాలంతా నవ్వు. జాకెట్లోంచి జలుబు మందు డబ్బా తీసి తోడేలు ముక్కుకి రాశాడు. తోడేలు తుమ్మింది. మళ్ళీ ఆ పేరు, మళ్ళీ రాగం. తెర మీద ఒక మూల సినిమాలోని అసలు ముక్క కూడా వేశారు. మా అత్తగారి ముఖం, దాని మీద నవ్వుల చప్పుడు. జడ్జీ సీట్లో ఉన్నాయన కళ్ళు తుడుచుకుంటూ, "ఆ పేరు ఇంకోసారి పిలువు" అన్నాడు. వాడు పిలిచాడు. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ పిలిచాడు.

మా ఆయన రిమోటు కోసం వెతుకుతున్నారు. అది మా అత్తగారి ఒళ్ళో ఉంది. ఆవిడ ఇవ్వలేదు. ఆఖరిదాకా చూశారు. ప్రకటనలు మొదలయ్యాక లేచి చెయ్యి కడుక్కుని వచ్చి, "వాడి పేరు వీళ్ళకెందుకమ్మా?" అని నన్నడిగారు.

సినిమా చెత్తగా ఉంది, నవ్వుకోండి. చొక్కా మీద నవ్వండి, చందమామ మీద నవ్వండి, మా మరిది మీద నవ్వండి. ఒక పెద్దావిడ చచ్చిపోయినవాణ్ణి పిలుస్తూ ఏడుస్తుంటే, అది ఏడుపా నటనా అని ఆ స్కిట్ రాసినవాడికి ఒక్క క్షణం అనుమానం రాలేదా? అంతమంది రిహార్సల్ చేసి ఉంటారు, అంతమంది చూసి ఉంటారు. ఒక్కరైనా 'ఇది వద్దేమో' అనలేదా?

మర్నాటికి అది రీల్సులోకి ఎక్కింది. ఆ వారంలోనే మా స్కూలుకి వచ్చేసింది. ఎనిమిదో తరగతిలో పద్యం చెబుతుంటే వెనక బెంచీల్లో ఎవరో తుమ్మారు. అంతే, తరగతి సగం ఆ పేరు పెట్టి, "లేరా, జలుబు చేస్తుందిరా" అని రాగం అందుకుంది. పిల్లలకేం తెలుసు? నేను సుద్దముక్క బల్ల మీద పెట్టి బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాను. స్టాఫ్ రూములో చెబితే ఒక టీచరు నా భుజం మీద చెయ్యి వేసి, "అయ్యో, ఆవిడ మీ అత్తగారా? మా ఇంట్లో ఎంత నవ్వుకున్నామో" అంది. బాధపెట్టాలని అనలేదు. అయినా ఆ చెయ్యి నేను తీసేశాను.

ఛానలుకి ఫోను చేశాను. ఒకరి నుంచి ఇంకొకరికి మార్చి మార్చి చివరికి ఒక అమ్మాయి మాట్లాడింది. నేను మొత్తం చెప్పాను, ఉప్పెన దగ్గర్నుంచి. ఆ అమ్మాయి ఓపికగా విని, "మేడమ్, కామెడీని కామెడీగా తీసుకోవాలండి. మీ సినిమాకి పబ్లిసిటీ కూడా వచ్చింది కదా" అంది. పబ్లిసిటీ వచ్చిన మాట నిజమే. అదే నన్ను ఇంకా మండించింది.

ఎందుకంటే మా మరిది కూడా అదే పాట పాడాడు. నాతో పాటు ఫిర్యాదు మీద సంతకం పెట్టమంటే నసిగాడు.

"వదినా, ఇప్పుడిప్పుడే జనం సినిమా చూస్తున్నారు. ఇప్పుడు గొడవ చేస్తే..."

"చేస్తే ఏమవుతుంది?"

"మళ్ళీ ఏ ఛానలూ మనల్ని పట్టించుకోదు."

"మీ అమ్మ ఏడుపు నవ్వులాట చేస్తే నీకేం అనిపించలేదా?"

"ఎందుకనిపించదు వదినా? కానీ అమ్మ ఏమీ అనట్లేదు కదా."

ఏమీ అనలేదని ఏమీ లేదనుకున్నాడు. ఆ తర్వాత నేనూ అతనూ చాన్నాళ్ళు సరిగ్గా మాట్లాడుకోలేదు.

ఇంతలో మా స్కూల్లో చదివే ఒకమ్మాయి తల్లి చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగల షోరూము తెరుస్తూ, ప్రారంభానికి నన్నూ పిలిచింది. రిబ్బను కత్తిరించడానికి వస్తున్నది ఎవరో తెలుసా అంటూ ఫోటో చూపించింది. స్కిట్‌లో చీర కట్టుకున్నవాడే. అతనిది గుడివాడ పక్క పల్లెటూరట. నేను తప్పకుండా వస్తానన్నాను.

వెళ్ళేసరికి రోడ్డు నిండా జనం. అతను కారు దిగగానే అందరూ ఒక్క గొంతుతో ఆ పేరు అరిచారు. వందల నోళ్ళు. అతను మైకు తీసుకుని ఒకసారి పిలిచాడు, తుమ్మాడు, జనం ఊగిపోయారు. నేను గాజుల స్టాండు పక్కన నిలబడి విన్నాను. ఆ షోరూమావిడ చలవ వల్ల లోపలి గదిలో అతన్ని కలిశాను. కూల్‌డ్రింక్ తాగుతున్నాడు. అభిమానిననుకుని సెల్ఫీ కోసం లేచి నిలబడ్డాడు.

"సెల్ఫీకి కాదు బాబూ. మీరు ఎక్కిరించిన ఆవిడ కోడల్ని" అన్నాను.

చెప్పాల్సిందంతా చెప్పాను. గట్టిగానే చెప్పాను. అతను కూల్‌డ్రింక్ కింద పెట్టేశాడు. "నాకు తెలీదు మేడమ్. నాకు పేపరు ఇచ్చారు, నేను చేశాను. ఆవిణ్ణి కలిసి క్షమాపణ చెప్పుకుంటాను" అన్నాడు.

చెప్పినట్టే ఆ తర్వాతి వారం మా ఇంటికి వచ్చాడు. ఒంటరిగా కాదు. వెనక ఇద్దరు కెమెరాలతో దిగారు. ఒకడి చేతిలో శాలువా, పూలదండ. క్షమాపణ కూడా షూటింగే. నేను గేటు తియ్యలేదు.

"కెమెరాలు వీధిలోనే ఉంటాయి. శాలువా కూడా. మీరొక్కరే రావచ్చు."

"అది కాదు మేడమ్, ఛానలువాళ్ళు..."

"అయితే వెళ్ళిరండి."

అతను వాళ్ళని కారులో కూర్చోబెట్టి ఒక్కడే లోపలికి వచ్చాడు. మా అత్తగారి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ఆవిడ కుర్చీ చూపించారు.

"ఏడుపు బాగా పట్టావు బాబూ. ఎక్కడ నేర్చుకున్నావు?"

"మా నాయనమ్మని చూసి, మామ్మగారూ. మా తాతయ్య పోయినప్పుడు అలాగే ఏడ్చింది. చిన్నప్పుడు చూశాను."

అప్పటిదాకా నా కోపం ఎంతో కొంత చల్లారి ఉంటే, ఆ మాటతో మళ్ళీ రాజుకుంది. తెలియక చేశాడనుకున్నాను. ఆ ఏడుపు ఎలాంటిదో ఇతనికి బాగా తెలుసు. తెలిసే, అచ్చంగా దించాడు. అంత బాగా నవ్వొచ్చింది కూడా అందుకే.

"మీ నాయనమ్మ మీ తాతయ్య పేరు పెట్టి ఏడ్చిందా?" అని అడిగారు మా అత్తగారు.

"ఏదో పిలిచేదండి. ముద్దుపేరు."

"ఆ పేరు పెట్టి స్టేజీ మీద వేస్తావా?"

అతను నేల వైపు చూశాడు. "వెయ్యలేనండి" అన్నాడు.

"మరి?" అన్నారు ఆవిడ.

ఇక ఎక్కడా ఆ పేరు ఎత్తనని మాటిచ్చాడు. ఆ ముక్క తీసెయ్యమని ఛానలుకి చెబుతానన్నాడు. మా అత్తగారు లేచి తనే మజ్జిగ కలిపి ఇచ్చారు. నేను వంటింట్లోకి కూడా వెళ్ళలేదు.

ఛానలు ఏం తియ్యలేదు. పండక్కి పాత స్కిట్లలో మంచివన్నీ ఏరి ఒక ప్రత్యేక కార్యక్రమం వేశారు. అందులో ఇది కూడా ఉంది. అతను ఫోను చేసి, "నేను చెప్పానండి, వాళ్ళు వినలేదు" అన్నాడు. చెప్పే ఉంటాడని మా ఆయన అంటారు. నాకు నమ్మకం లేదు. ఊళ్ళల్లో ప్రోగ్రాములకి వెళ్ళినప్పుడు మాత్రం అతను ఆ పేరు పిలవడం మానేశాడని విన్నాను. అతను మానేస్తే ఏం? జనం మానలేదు కదా.

ఆ ప్రత్యేక కార్యక్రమం చూశాక మా మరిదికి తల తీసేసినట్టయింది. మా ఇంటికి వచ్చి వాళ్ళమ్మ దగ్గర కూర్చుని, "యూట్యూబులో మన సినిమాలో ఆ పేరు దగ్గర సౌండు తీసేస్తానమ్మా. అక్కణ్ణుంచి ఎవరూ ఎత్తుకోకుండా ఉంటుంది" అన్నాడు.

"తియ్యొద్దు" అన్నారు ఆవిడ. "వాళ్ళు పాడుచేశారని మనం చెరిపేసుకుంటామా?"

అప్పటినుంచి ఆవిడ ఒక కొత్త పని మొదలుపెట్టారు. ఎవరి నోటయినా ఆ పేరు వినపడితే, పక్కింటి పిల్లలయినా, కూరగాయల బండివాడయినా, పిలిచి కూర్చోబెట్టి తమ్ముడి గురించి చెబుతారు. వాడికి తాటి తాండ్ర ఇష్టమని, ఉరుములంటే భయమని, బాతుల్ని తరుముతూ కాలవలో పడ్డాడని. మా ఆయన కూడా ఇవన్నీ ఇప్పుడే మొదటిసారి వింటున్నారు. "చూశావా, ఆ స్కిట్ వల్లే కదా మీ అత్తగారు నోరు విప్పింది, మంచే జరిగింది" అని మా పక్కింటావిడ అంది. నేను ఒప్పుకోను. ఆవిడ నోరు విప్పింది కరకట్ట మీద, ఆ కారులో. స్కిట్ చేసిందల్లా, ప్రతివాడికీ సంజాయిషీ చెప్పుకునే పని ఈ వయసులో ఆవిడ నెత్తిన పెట్టడం.

మొన్న గుడివాడలో పెళ్ళికి బస్సులో వెళ్తున్నాం. పెడనలో ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు కొందరు ఎక్కారు. మా ముందు సీట్లో ఒకడు ఫోనులో ఆ స్కిట్టే పెట్టాడు. ఆ పేరు వినపడగానే మా అత్తగారు ముందుకి వంగి అతని భుజం తట్టారు.

"బాబూ, అది మా తమ్ముడి పేరు" అని మొదలుపెట్టారు.

అతను ఫోను ఆపేశాడు. ఆవిడ చెబుతుంటే మెడ వెనక్కి తిప్పుకునే విన్నాడు. అతని పక్కనున్న అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. గుడ్లవల్లేరు వస్తోంది. నేను తల తిప్పి చూసేసరికి, పక్క వరసలో ఉన్న ఇంకొకడు ఫోను ఎత్తి మా అత్తగారిని వీడియో తీస్తున్నాడు.

"ఏం చేస్తున్నావు?" అన్నాను.

"అంటే, చాలా టచింగ్‌గా ఉంది ఆంటీ. స్టేటస్ పెడదామని."

"అది తీసెయ్యి. నా ముందు తీసెయ్యి."

బస్సు ఆగింది. పిల్లలందరూ దిగుతున్నారు. "తీసేస్తానాంటీ, తీసేస్తా" అంటూ అతనూ మెట్లు దిగిపోయాడు. నేను లేచి తలుపు దాకా వెళ్ళేలోపే కండక్టరు బెల్లు కొట్టాడు. కిటికీలోంచి చూస్తే అతను స్నేహితులకి ఆ ఫోను చూపిస్తున్నాడు. తీసేశాడో లేదో నాకు తెలియదు.